ప్రభువు వచ్చినప్పటి వేడి

ఆ తుక్కు యార్డులో బండిని విప్పడం అనరు, చంపడం అంటారు. "ఇవాళ రెండు లారీలు చంపాం", "ఆ బస్సుని రేపు చంపుదాం" అని మామూలుగా మాట్లాడుకుంటారు. కొత్తగా విన్నవాళ్ళు ఉలిక్కిపడతారు గానీ, ఆ పని ఒకసారి చూస్తే ఇంకో మాట తట్టదు. ముందు అద్దాలు పగలగొడతారు. తలుపులు ఊడబెరుకుతారు. ఇంజనుకి గొలుసు కట్టి పైకి లాగితే కింద నల్లటి నూనె బొళబొళా కారుతుంది. మిగిలిన డొల్లను గ్యాస్ కట్టరుతో ముక్కలు కోస్తారు. తుప్పు పట్టి బిగుసుకుపోయి దేనికీ లొంగని చోట మాత్రం ఒక మనిషిని పిలుస్తారు. అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. లోకానికి అతను సమ్మెట.

మనిషి తలుపు పట్టనంత ఉంటాడు. రెండు చేతులూ ఎత్తి ఒక్క దెబ్బ వేస్తే లారీ ఇరుసు కూడా "అమ్మో" అంటుందని యార్డులో జోకు. అయితే ఆ బిరుదు ఇనుమును కొట్టి సంపాదించింది కాదు, మనుషుల్ని కొట్టి సంపాదించింది. పన్నెండేళ్ళ కిందటి దాకా అతనూ, గొలుసు అనేవాడూ జంటగా తిరిగేవాళ్ళు. మార్కెట్లో ఎవడైనా నోరెత్తితే పెద్దమనుషులు ఈ ఇద్దరినీ పంపేవాళ్ళు. ఒకడు గొలుసు తిప్పేవాడు, ఇంకొకడు సమ్మెట ఎత్తేవాడు. చాలాసార్లు ఎత్తడమే సరిపోయేది. సరిపోనప్పుడు మొహమాటపడేవాడు కాదు.

అలాంటివాడు ప్రభువుని నమ్ముకున్నాడు. నమ్మి, మార్కెట్ వదిలేసి యార్డులో కూలికి చేరాడు. మళ్ళీ మనిషి మీద చెయ్యెత్తలేదు. సంఘంలో పెద్దయ్యాడు. అతని సాక్ష్యమంటే ఆ చుట్టుపక్కల మందిరాలన్నిటిలోనూ గిరాకీ. పాటలు పాడి పాడి జనం అలసిపోయాక అతణ్ణి లేపితే చాలు, వెనక బల్లల మీద కునికేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు.

"ఆ సాయంత్రం నేనొక హమాలీని కొట్టాను," అని మొదలుపెట్టేవాడు. "పక్కటెముకలు విరిగిన చప్పుడు ఈ చెవులతో విన్నాను. పోలీసు ఈల వినపడింది. పరిగెత్తి, తలుపు తీసి ఉంటే ఒక గదిలో దూరాను. అది ప్రార్థన మందిరం. నా చేతుల మీద నెత్తురింకా ఆరలేదు. వాళ్ళు పాడుతున్నారు. ఇక్కడ, ఈ గుండెలో, ఒక వేడి పుట్టింది. ఒళ్ళంతా వణికింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. ప్రభువు వచ్చాడని నాకు తెలిసిపోయింది."

జనం స్తోత్రం అంటూ ఏడ్చేవాళ్ళు. మొదట్లో చెప్పిన ప్రతిసారీ ఆ వేడి అతనికి మళ్ళీ వచ్చేది. తర్వాత్తర్వాత సగమే వచ్చేది. ఏడాదిగా అసలు రావడం మానేసింది.

ఇది చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే నరకం. మోకాళ్ళ మీద పడి గంటలు గంటలు పిలిచేవాడు. గోడకు చెప్పుకున్నట్టే ఉండేది. ఉపవాసాలున్నాడు. పాటలు గొంతు చించుకుని పాడాడు. ఏమీ లేదు. పెళ్ళాం చూసి చూసి ఒకరోజు అననే అంది.

"ఏమయ్యా, దేవుడు పలకడం లేదని అలా అయిపోతున్నావు. నేను పొద్దున్నుంచి నీతో మాట్లాడుతూనే ఉన్నాను. నువ్వు నాకు పలికావా?"

"నీకు తెలీదులే."

"నాకేం తెలుసు. అన్నం పెట్టడం తెలుసు. తిను."

పాస్టరు గారికి కూడా చెప్పాడు. ఆయన మంచివాడే. కాకపోతే ఏ నొప్పి చెప్పినా ఒకే సీసాలో మందు పోసే రకం. "ఏదో అడ్డుంది బ్రదర్. నీలోనే ఎక్కడో పాపం దాక్కుంది. వెతుకు," అన్నాడు. సమ్మెట వెతికాడు. పెళ్ళాం మీద విసుక్కున్నది, యార్డులో తిట్టిన తిట్టు, అన్నీ ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. లోపల చలి చలిగానే ఉంది. తనని దేవుడు వదిలేశాడని అతనికి నమ్మకం కుదిరింది. ఆ కసంతా ఇనుము మీద చూపించేవాడు. బస్సు చట్రం మీద దెబ్బ పడుతుంటే పక్కవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు.

ఆ యార్డులోనే కట్టరు పని చేసేవాడు అతని బామ్మర్ది. పెళ్ళానికి ఒక్కగానొక్క తమ్ముడు. ఇద్దరు పిల్లల తండ్రి. నోట్లో నాలుక లేని మనిషి. బావ వెంట మందిరానికి వచ్చి, బావ సాక్ష్యం విన్న ప్రతిసారీ అందరికంటే ముందు ఏడ్చేవాడు.

ఆ రోజు సమ్మెట ఉపవాసం పేరుతో పనికి వెళ్ళకుండా ఇంట్లో మోకరించి ఉన్నాడు. మధ్యాహ్నం యార్డు నుంచి ఒక కూలీ ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, నీ బామ్మర్దిని కొట్టేశారు. మొహం మీద. ఆసుపత్రికి తీసుకెళ్ళాం."

"ఎవరు?"

కూలీ నేల చూశాడు. "గొలుసు."

జరిగింది ఇదీ. గొలుసు ఇప్పుడు దొంగ బండ్ల వ్యాపారంలో ఉన్నాడు. ఒక లారీ తెచ్చి, చట్రం మీద నంబరు కట్టరుతో చెరిపెయ్యమని బామ్మర్దికి చెప్పాడు. బామ్మర్ది చెయ్యనన్నాడు. ఇంకోసారి చెప్పాడు. ఇంకోసారి చెయ్యనన్నాడు. మూడోసారి చెప్పలేదు. నడుముకున్న గొలుసు తీసి మొహాన కొట్టాడు. కొస వెళ్ళి కంట్లో దిగింది.

సమ్మెట వెళ్ళేసరికి ఆసుపత్రిలో బామ్మర్ది మంచం మీద పడుకుని ఉన్నాడు. సగం మొహం కట్టు, సగం మొహం వాపు. కన్ను ఇక దక్కదని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్ళింది. పెళ్ళాం తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి ఎక్కిళ్ళు మిగిలాయి.

"బావా," అన్నాడు బామ్మర్ది, పెదవి సరిగా కదలక. "నేనేం అనలేదు బావా. చెయ్యను అన్నానంతే. దొంగపనికి చెయ్యి పెట్టొద్దని నువ్వే కదా చెప్పావు."

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బయటికి వచ్చి, మందులు పెట్టే గది పక్కన గోడకు నుదురు ఆనించాడు.

"ప్రభువా," అన్నాడు పైకే. "ఏడాదిగా పిలుస్తున్నాను. పలకలేదు, సరే. నా ఖర్మ అనుకున్నాను. ఇప్పుడు ఒక్క మాట చెప్పు. వాడి జోలికి వెళ్ళొద్దను, ఆగిపోతాను. ఒక్కసారి కదులు ఇక్కడ, చాలు." గుండె మీద పిడికిలితో గుద్దుకున్నాడు. నర్సు ట్రాలీ తోసుకుంటూ, కాస్త తప్పుకోమంది. తప్పుకున్నాడు. చాలాసేపు ఆగాడు. పైన ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సరే అయితే," అన్నాడు. దేవుడితో అలా తెగతెంపులు చేసుకున్నట్టు మాట్లాడటం అదే మొదటిసారి. మెట్లు దిగి యార్డుకి నడిచాడు.

గొలుసు ఇంకా అక్కడే ఉన్నాడు. ఎందుకు ఉండడు? తన పాత జోడీ ఇప్పుడు రెండో చెంప చూపించే భక్తుడని ఊరంతా చెప్పుకుంటున్నదే. లారీ పక్కన, ఊడబెరికిన డ్రైవరు సీటు నేల మీద వేసుకుని, కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. అటూ ఇటూ ఇద్దరు మనుషులు. కట్టరు వాళ్ళలో ఒకడి చేతిలో ఉంది, నంబరు సగం చెరిగింది.

"రా పాస్టరూ!" అన్నాడు గొలుసు. "ప్రార్థన చేసి పోతావా?"

సమ్మెట నేరుగా బస్సు డొల్ల దగ్గరికి నడిచాడు. దానికి ఆనించి ఉన్న తన సమ్మెటను అందుకున్నాడు. తన చేతి చెమటకు నల్లబడ్డ పిడి అది. అది చూసి ఆ ఇద్దరిలో ఒకడు కట్టరు కింద పడేశాడు. యార్డు షావుకారు ఆఫీసు గది తలుపు గడియ పెట్టుకుని బల్ల కింద దూరాడు. అంతటి ధీరుడు.

గొలుసు టీ గ్లాసు విసిరేసి లేచాడు. లేస్తూనే గొలుసు తిప్పి కొట్టాడు. అది సమ్మెట చెవి మీద పడి, చెవి తమ్మెను చీల్చుకుని పోయింది. మెడ మీదుగా నెత్తురు కారింది. నొప్పి కూడా తెలియలేదు. రెండో దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టి గొలుసును చుట్టేసుకుని గుంజాడు. గుంజితే దాన్ని పట్టుకున్న వాడి చెయ్యి ముందుకొచ్చి లారీ బంపరు మీద పడింది. ఆ చేతి మీద సమ్మెట దించాడు. వేళ్ళు నలిగిన చప్పుడు, దాని వెంటే మనిషి అరుపు. ఆ ఇద్దరూ వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటేశారు.

గొలుసు పరిగెత్తబోయాడు. సమ్మెట వాడి మోకాలి మీద పక్కనుంచి కొట్టాడు. ఇరుసు కొట్టడానికి వాడే దెబ్బ అది. కాలు ఎటు వంగకూడదో అటు వంగింది. వాడు నేల మీద పడి, ఎడమ చేత్తో మట్టి గీరుతూ వెనక్కి పాకాడు. సమ్మెట ఎదురుగా నిలబడి, ఒక కాలు వాడి ఛాతీ మీద వేసి, రెండు చేతులూ తల పైకి ఎత్తాడు.

అప్పుడు వచ్చింది.

గుండెలో వేడి. ఏడాదిగా ఏ పాటకూ, ఏ ఉపవాసానికీ రాని వేడి ఒక్కసారిగా గుప్పుమని లేచింది. చేతులు వణికాయి. ఒళ్ళు తేలికైంది. కళ్ళ నీళ్ళు బొటబొటా కారాయి. అదే. అచ్చంగా అదే. తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు అతని ప్రాణం ఎగిరి గంతేసింది.

"వచ్చావా తండ్రీ!" అన్నాడు బిగ్గరగా, ఏడుస్తూ. "వచ్చావా!"

కింద గొలుసు ఆ మాట విన్నాడు. నోట్లో నెత్తురు ఉమ్మి నవ్వాడు. ఎలాగూ చస్తానని తెలిసినవాడికి భయం పోతుంది కదా.

"కొట్టరా," అన్నాడు. "చూడు ఎలా వెలిగిపోతోందో నీ మొహం. ఆ రోజూ ఇంతేగా. ఆ హమాలీగాడి ఎముకలు విరుగుతుంటే ఏడుస్తూ నవ్వావు. ఒళ్ళంతా ఇలాగే వణికావు. నేను పక్కనే ఉన్నాను కదరా. నువ్వింకా మందిరంలోకి దూరనే లేదు అప్పటికి."

సమ్మెట చేతులు పైనే ఉండిపోయాయి.

నీ మొహం నాకు తెలుసు అనే మనిషి ముందు ఎవరికైనా దాపరికం ఏముంటుంది? వాడు అబద్ధం చెప్పడం లేదు. ఆనాడు సందులో ఆ హమాలీ పడి ఉన్నాడు. ఈ వేడి అక్కడే రగిలింది. ఈల వినపడ్డాక తన ఒంట్లో ఆ వేడితోనే పరిగెత్తాడు. మందిరంలోకి దాన్ని తనే మోసుకెళ్ళాడు. వాళ్ళు పాడుతున్నారు కాబట్టి దానికి ప్రభువని పేరు పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళు ఆ కథ చెప్పి జనాన్ని ఏడిపించాడు. ఆ మనిషి బతికాడో చచ్చాడో ఒక్కరోజు కూడా ఎవర్నీ అడగలేదు.

అతనికి భయం వేసింది. అంత భయం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పడలేదు. ఈ వేడి దేవుడు కాకపోతే, దేవుడని తను ఎరిగింది ఏదీ లేదు. వదిలితే చేతిలో మిగిలేది ఏమీ లేదు. పట్టుకుంటే ఇంకొక్క దెబ్బ చాలు. ఆ వేడి "కొట్టు" అంటూనే ఉంది, చాలా తియ్యగా, చాలా దగ్గరగా. ఏడాది ఎడబాటు తర్వాత దాన్ని కాదనడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు. అతని నోరు కూడా సగం ఒప్పుకుంది. "ప్రభువా, నువ్వేనా?" అని అడిగాడు. అటునుంచి జవాబు రాలేదు. వేడి మాత్రం ఇంకాస్త పెరిగింది.

చేతిలోని సమ్మెటను పక్కకు విసిరేశాడు. అది రేకుల గుట్ట మీద పడి పెద్ద చప్పుడైంది. ఒక్క నిమిషంలో ఒళ్ళు చల్లబడింది. మళ్ళీ అదే చలి, అదే గోడ. చెవి నొప్పి ఇప్పుడు తెలిసింది. ఖాళీ చేతులతో అలా నిలబడి పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏంట్రా? దేవుడు వద్దన్నాడా?" అన్నాడు గొలుసు.

"నోరు ముయ్," అన్నాడు సమ్మెట. చొక్కా విప్పి చించి, వాడి కాలికి ఒక ఇనుప పట్టీ ఆనించి బిగించి కట్టాడు. వాడు గొడ్డులా అరిచాడు. తర్వాత వంగి వాణ్ణి వీపు మీద ఎత్తుకున్నాడు.

గొలుసుకి ఆ దయ అర్థం కాలేదు. ఎక్కడికో తీసుకెళ్ళి చంపుతాడనే అనుకున్నాడు. ఎత్తుకునేటప్పుడే నేల మీది గాజుపెంకు ఎడమ చేతికి దొరికించుకున్నాడు. గేటు దగ్గరికి రాగానే సమ్మెట భుజంలో పొడిచాడు. సమ్మెట తూలాడు, పడలేదు. ఇంకోసారి పొడిచాడు. పెంకు లోపలే విరిగింది.

"కదలకుండా ఉండరా, నెత్తురు పోతోంది," అన్నాడు సమ్మెట.

"ఎవరిది? నీదా నాదా?"

"ఇద్దరిదీ."

రోడ్డు మీద జనం తప్పుకున్నారు. ఒక్కరూ సాయం రాలేదు. అలాంటి జంటకు ఎవరు సాయం వస్తారు? అడుగడుగునా భుజంలో గాజు కదిలింది. ఒక్కో అడుగుకీ వాణ్ణి కింద పడేసి తొక్కాలనిపించింది. పడెయ్యలేదు. లోపలినుంచి ఎవరూ శభాష్ అనలేదు. ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచరు మీద దించేసరికి గొలుసుకి స్పృహ లేదు.

కబురు పాస్టరు గారికి ముందే చేరింది. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, భుజానికి కుట్లు వేయించుకుంటున్న సమ్మెట చెయ్యి పట్టుకున్నాడు.

"చంపబోయి ఆగిపోయావట కదా బ్రదర్! స్తోత్రం! ప్రభువు దిగొచ్చి నీ చెయ్యి పట్టుకున్నాడు. ఏడాది కరువు తీరింది. వచ్చే ఆదివారం ఈ సాక్ష్యం చెప్పాలి నువ్వు."

"లేదయ్యగారూ," అన్నాడు సమ్మెట. "ప్రభువు వచ్చాడనే అనుకున్నాను. కొట్టమన్నాడు. నేను వినలేదు."

"అదేం మాట?"

"ఇన్నాళ్ళూ నేను చెప్పిన వేడి అదేనండీ. అదే వచ్చింది. వింటే వాడీపాటికి శవం."

పాస్టరు గారు చెయ్యి వదిలేశాడు. అలా మాట్లాడకూడదు బ్రదర్, నెత్తురు పోయింది కదా, పడుకో, అన్నాడు. ఆయన సీసాలో ఈ నొప్పికి మందు లేదు పాపం.

కుట్లు అయ్యాక సమ్మెట బామ్మర్ది గదికి వెళ్ళాడు. పెళ్ళాం అతని కట్టూ, చిరిగిన చెవీ చూసింది. లేచి స్టూలు ఇచ్చి గోడ పక్కకు జరిగింది.

"చంపావా?" అన్నాడు బామ్మర్ది.

"లేదు."

"ఎందుకు వదిలావు?" ఆ నోట్లో నాలుక లేనివాడు మంచం పట్టీ పట్టుకుని లేవబోయాడు. "నా కన్ను తీసిన నా కొడుకుని ఎందుకు వదిలావు బావా? నీ దేవుడు వద్దన్నాడా?"

"ఏమీ అనలేదురా."

"మరి?"

సమ్మెట ఆలోచించాడు. 

"చంపకూడదు కాబట్టి," అన్నాడు చివరికి.

"ఆ జవాబు నా కంటికి సరిపోదు."

"సరిపోదు," అని ఒప్పుకున్నాడు.

బామ్మర్ది గోడవైపు తిరిగిపోయాడు. ఉన్న ఒక్క కంటితోనే ఏడ్చాడు. సమ్మెట చెయ్యి చాచి వీపు మీద వేశాడు. వాడు విదిలించుకున్నాడు. మళ్ళీ వేశాడు. ఈసారి విదిలించుకోలేదు, అలాగని దగ్గరికీ రాలేదు.

సమ్మెట మంచం పక్కన మోకరించాడు. మోకాళ్ళు నొప్పెట్టాయి. భుజం సలిపింది. గుండెలో ఏమీ లేదు, రాత్రే ఆర్పేసిన పొయ్యిలా ఉంది. వేడి రావాలని ఈసారి పిలవలేదు. వస్తుందేమోనని లోపల భయం కూడా ఉంది. "ప్రభువా, వీడి కన్ను పోయింది," అన్నాడు. "వాడి కాలు పోయింది. నా వల్ల." సలుపుతున్న భుజాన్ని మంచానికి ఆనించాడు. "నువ్వు ఎక్కడున్నావో నాకు తెలీదు. నేనెక్కడున్నానో నీకు తెలుసేమో." అంతకంటే మాటలు రాలేదు. రాకపోయినా లేవలేదు.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఒక పోలీసు చేతిలో బేడీలు పట్టుకుని లోపలికి వచ్చి, మోకరించిన మనిషిని చూసి ఆగాడు. గొలుసు కాలు విరగ్గొట్టింది ఇతనేనా అని కళ్ళతోనే అడిగాడు. పెళ్ళాం తలూపింది. పోలీసు కాసేపు చూశాడు. ఇది ఎంతకీ తెమిలేలా లేదనిపించింది.

"ఏమయ్యా, అయిపోయిందా ప్రార్థన?"

"లేదండీ," అన్నాడు సమ్మెట, కళ్ళు తెరవకుండానే. "ఇప్పుడే మొదలుపెట్టాను."

పోలీసు విసుక్కుని, బేడీలు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.